మూడు వందల డిగ్రీల బ్యాటరీ: సోడియం చౌకే, దాన్ని పట్టి ఉంచడమే ఖరీదు

ఉప్పు, గంధకం, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్). వీటిలో ఏదీ అరుదైన సరుకు కాదు. భూమి పైపొరలో ఎక్కువగా ఉన్న మూలకాల్లో సోడియంది ఆరో స్థానం. గంధకమైతే చమురు శుద్ధి కర్మాగారాల దగ్గర వద్దన్నా గుట్టలుగా పేరుకుంటుంది. ఇలాంటి సరుకుతో గ్రిడ్‌కు పనికొచ్చే బ్యాటరీ చేయొచ్చని 1960ల్లోనే తేలింది. లిథియం అయాన్ బ్యాటరీ మార్కెట్లోకి వచ్చింది 1991లో. అంటే సోడియానికి పాతికేళ్ల ముందే దారి దొరికింది. అయినా ఈరోజు కొత్తగా కట్టే బ్యాటరీ నిల్వ కేంద్రాల్లో చాలావాటిలో ఉండేది లిథియమే. ఎందుకిలా జరిగిందో తెలియాలంటే సోడియం ధర చూస్తే సరిపోదు. ఆ సోడియాన్ని వేడిగా, ద్రవంగా, గాలీ తేమా సోకకుండా పదిహేనేళ్లు పట్టి ఉంచే పెట్టెకు ఎంతవుతుందో చూడాలి.

ముందుగా రెండు గందరగోళాలు తీర్చుకుందాం. కొన్ని సౌర విద్యుత్ కేంద్రాల్లో కరిగించిన ఉప్పును పెద్ద పెద్ద ట్యాంకుల్లో నిల్వ చేస్తారు. స్పెయిన్‌లోని అండసోల్ కేంద్రంలో అలాంటి ఉప్పు 28,500 టన్నులుంది. అది సోడియం, పొటాషియం నైట్రేట్ల మిశ్రమం. అక్కడ దాచేది వేడిని. ఆ వేడితో ఆవిరి పుట్టించి టర్బైన్ తిప్పుతారు, అంతే. అది బ్యాటరీ కాదు. ఇక చైనా కంపెనీలు కార్లలోనూ నిల్వ కేంద్రాల్లోనూ పెడుతున్న సోడియం అయాన్ బ్యాటరీ మరో జాతి. లిథియం బ్యాటరీ నిర్మాణాన్నే తీసుకుని లిథియం చోట సోడియం పెట్టినది అది. మామూలు ఉష్ణోగ్రత దగ్గరే పని చేస్తుంది. ఈ వ్యాసంలో విషయం ఈ రెండూ కాదు. లోపల లోహమో, ఉప్పో, రెండూనో కరిగి ద్రవంగా ఉంటేనే పని చేసే బ్యాటరీల గురించి. వీటిని కరిగిన ఉప్పు బ్యాటరీలు అంటుంటారు.

వీటి కథ అమెరికాలో ఫోర్డ్ మోటార్ కంపెనీ పరిశోధనశాలలో మొదలైంది. 1960ల మధ్యలో అక్కడ జోసెఫ్ కుమ్మర్, నీల్ వెబర్ అనే ఇద్దరు మామూలు బ్యాటరీని తిరగేసి ఆలోచించారు. అప్పటిదాకా ఉన్న బ్యాటరీల్లో ఎలక్ట్రోడ్లు, అంటే రెండు ధ్రువాలు, ఘన పదార్థాలు. వాటి మధ్య అయాన్లను మోసే ఎలక్ట్రోలైట్ ద్రవం. వీళ్లు ఎలక్ట్రోడ్లను ద్రవం చేశారు, ఎలక్ట్రోలైట్‌ను ఘనం చేశారు. ఒక పక్క కరిగిన సోడియం, మరో పక్క కరిగిన గంధకం, రెంటి మధ్య బీటా అల్యూమినా అనే సిరామిక్ గొట్టం. ఈ సిరామిక్ గుణం విచిత్రమైనది. సోడియం అయాన్లను, అంటే ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న సోడియం పరమాణువులను, తనలోంచి పోనిస్తుంది, ఎలక్ట్రాన్లను పోనివ్వదు. అందుకని ఎలక్ట్రాన్లు బయటి తీగ గుండానే చుట్టు తిరిగి పోవాలి. మనకు అందే కరెంటు అదే.

ఈ తిరగేసిన నిర్మాణం వల్ల రెండు పెద్ద లాభాలు వచ్చాయి. ఘన ఎలక్ట్రోడ్లు ఛార్జి అయిన ప్రతిసారీ ఉబ్బి, డిశ్చార్జి అయినప్పుడు కుంచించుకుపోతూ క్రమంగా పగుళ్లు తేలతాయి. ద్రవానికి పగుళ్ల బాధ లేదు. పైగా సిరామిక్ గుండా ఎలక్ట్రాన్లు జారిపోవు కాబట్టి, ఛార్జి చేసి పక్కన పెడితే అందులోని ఛార్జి దానంతటది తరిగిపోదు. సిద్ధాంతం ప్రకారం సోడియం గంధకం జంట కిలోకు 760 వాట్ అవర్ల శక్తిని పట్టగలదు. గొట్టాలూ డబ్బాలూ సీళ్లూ కలిపి తూచితే అందులో మూడో వంతు కూడా మిగలదు. అయినా ఆ రోజుల్లో కార్లలో వాడుతున్న సీసం బ్యాటరీ కన్నా అది కొన్ని రెట్లు ఎక్కువ.

మరి 300 నుంచి 350 డిగ్రీల వేడి దేనికి? సోడియం 98 డిగ్రీలకే కరుగుతుంది. గంధకానికి 115 డిగ్రీలు చాలు. చిక్కు ఈ రెండిట్లో లేదు, రెండూ కలిసినప్పుడు పుట్టే సోడియం పాలీసల్ఫైడ్లలో ఉంది. డిశ్చార్జి సాగుతున్నకొద్దీ గంధకం పక్క ఇవి పేరుకుంటాయి. 300 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా గడ్డకట్టడం మొదలుపెడతాయి. గడ్డకడితే ఆ మేరకు సెల్ మూగబోయినట్టే. బీటా అల్యూమినా కూడా వేడిగా ఉన్నప్పుడే అయాన్లను ధారాళంగా పోనిస్తుంది, చల్లబడితే బిగుసుకుంటుంది. అంచేత ఆ వేడి తప్పించుకోలేనిది.

వేడి ఉండాలంటే శక్తి ఖర్చు కదా, అలాంటప్పుడు దీన్ని నిల్వ అనడం ఎలా అని అనుమానం రావడం సహజం. నిజానికి రోజూ ఒకసారి నిండి, ఒకసారి ఖాళీ అయ్యే బ్యాటరీకి ఇది పెద్ద సమస్య కాదు. డిశ్చార్జి అయ్యేటప్పుడు సెల్ దానంతటదే వేడెక్కుతుంది. సెల్‌లన్నీ ఒక థర్మాస్ ఫ్లాస్కు లాంటి పెట్టెలో, గోడల మధ్య గాలి తీసేసిన జంట డబ్బాలో ఉంటాయి. పగలు పుట్టిన వేడి రాత్రిదాకా చాలావరకు నిలిచి ఉంటుంది. చిక్కల్లా పని లేనప్పుడే. రెండు మూడు రోజులు ఊరికే ఉంచితే హీటర్ నడపాలి. ఆ హీటర్‌కు కరెంటు ఇచ్చేది ఆ బ్యాటరీయో గ్రిడ్డో. అంటే సెల్‌లో ఛార్జి తరిగిపోదు అన్న గొప్ప కాస్తా హీటర్ బిల్లులో కొట్టుకుపోతుంది. అలాగని హీటర్ ఆపేసి పూర్తిగా చల్లారనిస్తే, లోపలి పదార్థాలు గడ్డకడుతూ ఒక్కొక్కటి ఒక్కో తీరుగా కుంచించుకుని సిరామిక్ గొట్టాన్ని ఒత్తుతాయి. సోడియం గంధకం సెల్‌కు ఇది బాగా ప్రమాదకరం.

ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే తర్వాతి చరిత్ర చాలావరకు విడిపోతుంది. ఫోర్డ్ దీన్ని కనిపెట్టింది కార్ల కోసం. కారేమో రోజులో ఎక్కువ భాగం ఎక్కడో ఆగే ఉంటుంది. ఆగి ఉన్న ప్రతి గంటా బ్యాటరీ చల్లబడుతూనే ఉంటుంది. 1990ల్లో ఫోర్డ్ ఎకోస్టార్ అనే ఎలక్ట్రిక్ వ్యాన్లను ఈ బ్యాటరీతో సుమారు వంద తయారు చేసి నడిపి చూసింది. 1994లో వాటిలో రెండింటి బ్యాటరీలు అంటుకున్నాయి. ఆ ప్రయోగం అక్కడితో ముగిసింది. మంటలు రాకపోయినా అది ఎక్కువ దూరం పోయేది కాదనిపిస్తుంది. ఎప్పుడూ వేడిగా ఉండాల్సిన వస్తువుకు, ఎక్కువసేపు ఖాళీగా నిలబడే బండికి జత కుదరదు.

జత కుదిరింది జపాన్‌లో. అక్కడ వేసవి మధ్యాహ్నాల్లో విద్యుత్ డిమాండ్ ఒక్కసారిగా ఎగబాకుతుంది, రాత్రిపూట పడిపోతుంది. రాత్రి కరెంటు దాచి పగలు ఇవ్వాలి, అదీ రోజూ. ఈ బ్యాటరీకి కావాల్సిన దినచర్య సరిగ్గా అదే. టోక్యో ఎలక్ట్రిక్ పవర్ కంపెనీ, ఎన్‌జీకే ఇన్సులేటర్స్ కలిసి 1980ల నుంచి దీని మీద పని చేశాయి. కరెంటు స్తంభాల మీద పెట్టే పింగాణీ ఇన్సులేటర్లు చేసే కంపెనీ బ్యాటరీల్లోకి ఎందుకొచ్చిందని ఆశ్చర్యపోవచ్చు. ఇందులో కష్టమైన పని రసాయన శాస్త్రం చేతిలో లేదు, కొలిమి చేతిలో ఉంది. బీటా అల్యూమినా గొట్టాన్ని సుమారు 1600 డిగ్రీల దగ్గర కాల్చాలి. గోడ మందం అంతటా ఒకేలా రావాలి. కంటికి కనిపించని సన్నని పగులు కూడా ఉండకూడదు. అలాంటివి లక్షల్లో, ఒకే నాణ్యతతో తీయాలి. సిరామిక్ పనిలో చెయ్యి తిరిగినవాళ్లకే అది సాధ్యం. 2000ల మొదట్లో ఈ బ్యాటరీలు వాణిజ్యపరంగా అమ్మకానికి వచ్చాయి.

2008లో జపాన్ ఉత్తరాన రొక్కషోలో 51 మెగావాట్ల గాలిమరల కేంద్రం పక్కన 34 మెగావాట్ల సోడియం గంధకం బ్యాటరీ పెట్టారు. గాలి ఎలా వీచినా గ్రిడ్‌కు ముందే చెప్పినంత కరెంటు పంపడం దాని పని. అమెరికాలో టెక్సాస్‌లోని ప్రెసిడియో పట్టణానికి 2010లో 4 మెగావాట్లది వచ్చింది. పాత లైను ఒక్కటే ఆధారంగా ఉన్న ఊరు అది, లైను పడిపోతే చీకటే. అబుధాబిలో 2019 నాటికి పది చోట్ల కలిపి 108 మెగావాట్లు, 648 మెగావాట్ అవర్ల సామర్థ్యంతో పెట్టారు.

ఆ చివరి అంకెల్లో 648ని 108తో భాగిస్తే ఆరు గంటలు వస్తుంది. ఈ ఆరు యాదృచ్ఛికం కాదు. ఈ బ్యాటరీలో ఎంత వేగంగా కరెంటు తీయవచ్చనేది సిరామిక్ వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. ఎంతసేపు తీయవచ్చనేది లోపల పట్టే సోడియం, గంధకాల పరిమాణాన్ని బట్టి. ఖరీదైనది సిరామిక్, చౌకైనది ద్రవం. కాబట్టి కొద్దిపాటి వైశాల్యానికి ఎక్కువ ద్రవం నింపి, నెమ్మదిగా, ఎక్కువసేపు వాడుకుంటేనే గిట్టుబాటు. అలాగని గంధకం పొరను ఎంత మందమైనా చేయలేం. గంధకం కరెంటును పోనివ్వదు కనుక అందులో కార్బన్ ఫెల్టు కూరతారు, ఆ పొర మందం పెరిగేకొద్దీ నిరోధమూ పెరుగుతుంది. అటూ ఇటూ లాగే ఈ రెంటి మధ్య రాజీ ఆరు గంటల దగ్గర కుదిరింది. గంటా రెండు గంటల నిల్వ చాలనుకునే చోట లిథియంతో ఇది పోటీ పడలేకపోవడానికి ఇదొక కారణం.

ఇక ప్రమాదాల మాట. 2011 సెప్టెంబరు 21న జపాన్‌లోని జోసోలో ఉన్న మిత్సుబిషి మెటీరియల్స్ కర్మాగారంలో ఈ బ్యాటరీకి నిప్పంటుకుంది. పూర్తిగా ఆరిందని ప్రకటించడానికి రెండు వారాలు పట్టింది. సోడియం నీటితో భగ్గుమంటుంది కాబట్టి ఇలాంటి మంట మీద నీళ్లు చల్లడానికి లేదు. విచారణలో తేలిన సంగతి ఇది: లోపమున్న ఒక్క సెల్ చిట్లింది. అందులోంచి కారిన వేడి ద్రవం చుట్టూ నింపిన ఇసుక మీదుగా పారి పక్క బ్లాకులోని, అంటే పక్క గుంపులోని, సెల్‌లను తాకింది. రెండు బ్లాకుల మధ్య షార్ట్ సర్క్యూట్ అయింది. ఆ దారిలో ఫ్యూజు లేదు. కరెంటు ఆగకుండా పారి, ఆ వేడికి ఒకదాని వెంట ఒకటి సెల్‌లు పోయాయి. బ్యాటరీ చేసిన ఎన్‌జీకే కొంతకాలం తయారీ ఆపేసి, సెల్‌ల మధ్య ఫ్యూజులు, బ్లాకుల మధ్య ఇన్సులేషన్ పలకలు, మాడ్యూళ్ల మధ్య అగ్ని నిరోధక పలకలు చేర్చాకే మళ్లీ మొదలుపెట్టింది. రసాయనం దోషం అని తేల్చేయడం తేలికే గానీ, అసలు తప్పు వైరింగ్‌లో ఉంది. చవకగా, తేలిగ్గా నివారించగలిగిన తప్పు. కాకపోతే ఆ రెండు వారాల మంట కొనుగోలుదారుల మనసులో వేసిన ముద్ర ఫ్యూజుతో పోయేది కాదు.

ఇదే కుటుంబంలో ఇంకో బ్యాటరీ ఉంది. ప్రమాదాల విషయంలో దాని తీరే వేరు. 1970ల చివర్లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో యోహాన్ కుట్సియర్ బృందం గంధకాన్ని పక్కనపెట్టి నికెల్ క్లోరైడ్‌ను తెచ్చింది. దీనికి జీబ్రా బ్యాటరీ అని పేరొచ్చింది. గొట్టం అదే బీటా అల్యూమినా. తయారీలో మాత్రం ఒక తెలివైన కిటుకు ఉంది. గొట్టంలోకి నింపేది మామూలు ఉప్పు, నికెల్ పొడి. సోడియం లోహాన్ని కర్మాగారంలో ఎవరూ ముట్టుకోరు. సెల్‌కు సీలు వేసి, వేడి చేసి, మొదటిసారి ఛార్జి చేసినప్పుడు ఉప్పు విడిపోతుంది. అందులోని క్లోరిన్ నికెల్‌తో కలుస్తుంది, సోడియం అయాన్లు గొట్టం గోడ దాటి అవతల లోహంగా మారతాయి. ఉప్పు రేణువులకూ సిరామిక్‌కూ మధ్య అయాన్లను మోసుకెళ్లడానికి సోడియం క్లోరోఅల్యూమినేట్ అనే ఇంకో ఉప్పు పోస్తారు. అది 157 డిగ్రీలకే కరుగుతుంది. పేరులో ఉన్న కరిగిన ఉప్పు నిజంగా ఇక్కడే కనిపిస్తుంది. సోడియం గంధకం బ్యాటరీని కూడా ఆ పేరుతోనే పిలుస్తుంటారు గానీ, అది కొంత వదులు వాడకం.

గొట్టం పగిలితే ఏమవుతుంది? జీబ్రా సెల్‌లో సోడియం ముందుగా తగిలేది ఆ ద్రవ ఉప్పుకే. రెండూ కలిసి మామూలు ఉప్పు, అల్యూమినియం ఏర్పడతాయి. రెండూ ఘన పదార్థాలే. పగులును అవే పూడ్చేస్తాయి. అల్యూమినియం కరెంటును పోనిస్తుంది కాబట్టి చచ్చిన సెల్ ఒక తీగ ముక్కలా మారి వరుసలో అలాగే ఉండిపోతుంది. కొద్దిపాటి వోల్టేజీ తగ్గుతుంది, మిగతా సెల్‌లు పని చేస్తూనే ఉంటాయి. చెడిపోయే తీరులోనే రక్షణ ఇమిడి ఉన్న బ్యాటరీలు అరుదు. చల్లారి గడ్డకట్టి మళ్లీ కరిగినా దీనికి పెద్దగా నష్టం ఉండదు. గడ్డకట్టిన స్థితిలో ఏళ్ల తరబడి దాచినా ఛార్జి అలాగే ఉంటుంది. మళ్లీ పనిలోకి దించాలంటే మాత్రం వేడెక్కడానికి ఒక రోజో, అంతకన్నా ఎక్కువో పడుతుంది.

ఇంత మంచి గుణాలున్నా ఇది ఓ మూలన పడి ఉన్న సరుకుగానే మిగలడానికి నికెల్ ఒక కారణం. సోడియం చౌక అన్న లాభాన్ని నికెల్ తినేస్తుంది. జనరల్ ఎలక్ట్రిక్ 2012లో న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీలో డ్యూరథాన్ పేరుతో వీటి కర్మాగారం భారీ అంచనాల మధ్య తెరిచింది. కొన్నేళ్లకే ఉత్పత్తి ఆగిపోయింది. స్విట్జర్లాండ్, ఇటలీ మూలాలున్న తయారీ మాత్రం నిలబడింది. టెలికాం టవర్లు, రైల్వేల వంటి చోట్ల దానికి గిరాకీ ఉంది. బయట మండే ఎండ ఉన్నా, మంచు కురుస్తున్నా లోపల 270 డిగ్రీల పైన నడిచే సెల్‌కు తేడా తెలియదు. లిథియం బ్యాటరీని ఎండలో పెట్టాలంటే ఏసీ కావాలి, దీనికి అక్కర్లేదు. వేడి కూడా లాభమయ్యే అరుదైన సందర్భం ఇది.

ఈ రెండు రకాలనూ నిజంగా దెబ్బతీసినది మంటలూ కాదు, నికెలూ కాదు. ఇంధన రంగాన్ని విశ్లేషించే బ్లూమ్‌బర్గ్ ఎన్ఈఎఫ్ సంస్థ లెక్కల్లో లిథియం బ్యాటరీ ప్యాక్ సగటు ధర 2010లో కిలోవాట్ అవర్‌కు వెయ్యి డాలర్ల పైనే. 2024కు అది 115 డాలర్లకు దిగింది. ఫోన్లు, ఆ తర్వాత కార్లు పెద్ద మార్కెట్ ఇచ్చాయి కనుక కర్మాగారాలు పెరిగాయి, ధర పడింది, మార్కెట్ ఇంకా పెరిగింది. ఈ వేడి సోడియం బ్యాటరీని ఫోన్లో పెట్టలేం, కార్లో అది నిలబడలేదు. దానికి పెద్ద మార్కెట్ కాగలిగింది గ్రిడ్ ఒక్కటే. ఆ మార్కెట్ పెద్దదయ్యేసరికి లిథియం అక్కడికీ వచ్చేసింది.

అందుకే ఇప్పటి పరిశోధన దృష్టంతా ఉష్ణోగ్రత తగ్గించడం మీద ఉంది. హీటర్ కరెంటు ఆదా చేయడానికి అనుకుంటే పొరపాటు, అది చిన్న లాభం. 300 డిగ్రీల దగ్గర సీళ్లు గాజుతోనో, లోహాన్ని సిరామిక్‌కు ఒత్తి అతికించో చేయాలి. డబ్బాను పాలీసల్ఫైడ్లు తినకుండా లోపల క్రోమియం వంటి పూత వేయాలి. తీగలూ కనెక్టర్లూ అన్నీ ప్రత్యేకమైనవే. అదే 110 డిగ్రీలకు దిగితే పాలిమర్ సీళ్లు సరిపోతాయి, మామూలు తీగలు సరిపోతాయి. డబ్బు మిగిలేది అక్కడ.

అమెరికాలోని శాండియా జాతీయ ప్రయోగశాల 2021లో చూపించినది ఇలాంటిదే. ఒక పక్క కరిగిన సోడియం, మరో పక్క సోడియం అయొడైడ్, గాలియం క్లోరైడ్ కలిపిన ద్రవ ఉప్పు. బీటా అల్యూమినా బదులు నాసికాన్ అనే మరో సిరామిక్, దాని మీద సోడియం బాగా అంటుకోవడానికి తగరం పూత. 110 డిగ్రీల దగ్గర 3.6 వోల్టులు. ఎనిమిది నెలల్లో 400 సార్లకు పైగా ఛార్జి చేసి చూశారు. కోవిడ్ వల్ల ల్యాబ్ మూతపడి నెల రోజులు సెల్ గడ్డకట్టి ఉండిపోయింది. తిరిగి వేడి చేస్తే యథావిధిగా పని చేసింది, ఎవరూ ప్లాన్ చేయని పరీక్షలో అలా నెగ్గింది. అయితే గాలియం చౌక కాదు. ఉప్పుతో మొదలైన ప్రయాణం అరుదైన లోహం దగ్గర ఆగితే లెక్క మొదటికొస్తుంది. ఆ ఉప్పును చవకైనదానితో మార్చడం ఇంకా మిగిలే ఉన్న పని.

పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాల 2022లో ఇంకో దారి పట్టింది. గడ్డకట్టడాన్ని సమస్యగా చూడకుండా స్విచ్చిలా వాడుకుంది. ఈ సెల్‌లో సోడియం లోహం లేదు, ఒక పక్క అల్యూమినియం, మరో పక్క నికెల్. మధ్యలో సోడియం క్లోరోఅల్యూమినేట్. 180 డిగ్రీలకు వేడి చేసి ఛార్జి చేయడం, చల్లార్చడం. ఉప్పు గట్టిపడగానే అయాన్లు కదల్లేవు, ఛార్జి లోపలే చిక్కుకుంటుంది. పన్నెండు వారాల తర్వాత మళ్లీ కరిగిస్తే 92 శాతం సామర్థ్యం నిలిచే ఉంది. ముఖ్యమైన విశేషం ఏమిటంటే ఇందులో సిరామిక్ గొట్టమే లేదు, మామూలు ఫైబర్‌గ్లాస్ చాలింది. వసంతంలో నదుల్లో నీరు ఎక్కువైనప్పుడు వచ్చే జలవిద్యుత్తును శీతాకాలం దాకా దాచడం వంటి పనులు దీని లక్ష్యం. ఏడాదికి ఒకటి రెండుసార్లే వాడే బ్యాటరీ ఎంత చవకైతే గిట్టుబాటు అవుతుందనేది వేరే ప్రశ్న. రోజూ వాడే బ్యాటరీ తన ఖర్చును వందలసార్లు పంచుకుంటుంది. దీనికి ఆ వెసులుబాటు ఉండదు కాబట్టి నికెల్ బదులు ఇనుము పెట్టాలని వాళ్లే అంటున్నారు.

ఈ కొత్త సెల్‌లన్నీ అరచేతిలో ఇమిడే సైజువి. నిల్వ కేంద్రానికి అప్పు ఇచ్చే బ్యాంకు మొదట అడిగేది పదిహేనేళ్లు నడిచిన దాఖలా. అది పాత సోడియం గంధకం బ్యాటరీకి ఉంది, వేల సెల్‌లతో, ఒక పెద్ద మంటతో సహా. 110 డిగ్రీల సెల్‌కు ఉన్నది ఎనిమిది నెలల రికార్డు, పలచని నాసికాన్ బిళ్లలను పెద్ద సైజులో పగుళ్లు లేకుండా కాల్చాల్సిన అదే పాత పని.